మావిస్‌కి అలుపు రాదు

పోర్ట్ కెంబ్లా,
1980 ఫిబ్రవరి 11.

ఒరే లైల్,

నువ్వు ఇల్లు వదిలి పదకొండు రోజులైంది. ఆదివారం నాన్నకి కాల్చిన గొర్రెమాంసం, బంగాళాదుంపలు పట్టుకెళ్ళాను. చెంచాలూ ఫోర్కులూ వాటి పని అవి చేసుకున్నాయి. వాటితో పళ్ళేల మీద దరువు వేసేవాడు లేడు. ఆ ఇంట్లో ఇంత ప్రశాంతంగా భోంచేసి ఇరవై ఏళ్ళయింది. నాన్నకి మాత్రం ఆ తేడా తెలియలేదు. ముప్పై నాలుగేళ్ళు ఉక్కు మిల్లులో నిలబడ్డ చెవులు కదా. ఆయన చూసింది నీ ఖాళీ కుర్చీ ఒక్కటే.

ఏమన్నాడని అడుగుతావు. ఏమీ అనలేదు. ఫోర్‌మన్ ముందు టోపీ తీసి నిలబడి నీకు ఇప్పించిన ఫిట్టరు ఉద్యోగం అది. దాన్ని సిడ్నీలో బ్యాండు కోసం వదిలేశావు. అలాంటప్పుడు మాటలు ఎక్కడినుంచి వస్తాయి? కానీ నీకు నాలుగేళ్ళప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కన్వేయరు బెల్టు ముక్క మీద డ్రమ్ము పుల్లలు పట్టించింది ఆయనే. ఇప్పటికీ స్కాట్లండు మగాళ్ళలా గళ్ళ లంగా కట్టుకుని బ్యాగ్‌పైపుల బ్యాండులో డ్రమ్ము కొట్టే మనిషి నిన్ను తిట్టడానికి కూడా నోరు రాక కూర్చున్నాడు.

పేరన్నా మంచిది దొరకలేదా? నలుగురు మగాళ్ళు, బ్యాండు పేరు 'డెంటల్ నర్సెస్'. మా సెలూన్లో మిసెస్ పెట్కోవ్‌స్కా జుట్టు చుట్టించుకుంటూ, మీ తమ్ముడు సిడ్నీలో ఏం చేస్తున్నాడని అడిగింది. పళ్ళ నర్సులతో ఉన్నాడన్నాను. "మంచిదే, ఆ పిల్లలకి స్థిరమైన జీతాలుంటాయి" అంది.

మీరు వాయించే న్యూ వేవ్ సంగీతం అంటే కొత్త కెరటమని మీ బావ డగ్ చెప్పాడు. సముద్రం ఒడ్డున పుట్టినవాడికి కెరటం కొత్తేమిటిరా?

తింటున్నావా?

అక్క,
లోర్నా


సర్రీ హిల్స్, సిడ్నీ,
1980 మార్చి 2.

అక్కా,

తింటున్నాను. ఏం తింటున్నానో చెబితే నువ్వు తినలేవు.

ఇక్కడి పరిచయాలు చెప్తాను. మా గాయకుడు నెవిల్ గ్రబ్ నీకు తెలుసు, డాప్టోలో కసాయి కొట్టు గ్రబ్‌గారబ్బాయి. అతను ఇప్పుడు నెవిల్ కాదు, జూలియన్ వోస్. నిద్రలో లేపి నెవిల్ అని పిలిచినా పలకడు. నేను పరీక్షించాను. కీబోర్డు వాయించేవాడు యూనివర్సిటీలో తత్వశాస్త్రం మధ్యలో మానేశాడు. గిటారు వాయించేవాడు మొదట్లోనే మానేశాడు. నలుగురం ఆస్పత్రి లాండ్రీలో పారేసిన తెల్లకోట్లు వేసుకుని స్టేజి ఎక్కుతాం. మూడు పాటలయ్యేసరికి నా కోటు తడిసి వంటికి అతుక్కుంటుంది. నెవిల్ కోటు ఇస్త్రీ మడత కూడా చెడదు, ఎందుకంటే అతను కదలడు. కదలకపోవడమే కొత్త కెరటమట.

ఇంత వెక్కిరించాక ఒక్క నిజం కూడా రాయాలి. పోయిన శనివారం ఓ పబ్బులో మూడో పాటకి, గిటారూ నేనూ ఒకేచోట పడ్డాం. ముందున్న జనమంతా ఒక్కసారి గాల్లోకి లేచి ఒక్కసారే దిగారు. రెండొందలమందిని ఎత్తి దించింది పెద్ద డ్రమ్ము మీట తొక్కే నా కుడికాలు. ఆ కాలితో ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు ఇనపముక్కల్ని పక్కకి తోశాను.

ఇది నాన్నకి చెప్పకు. చెప్పినా వినపడదనుకో.

లైల్


పోర్ట్ కెంబ్లా,
1980 జూలై 21.

ఒరే లైల్,

మొన్న కోరిమల్ పబ్బుకి వచ్చి నీ బ్యాండు చూశాను కదా, దాని గురించి నువ్వు అడగకపోయినా చెప్తాను. మధ్యాహ్నం మూడింటికి, పగటి వెలుగులో, నలుగురు మగాళ్ళు కళ్ళకి కాటుక పెట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో నాకు ముందే తెలిసుంటే మిసెస్ పెట్కోవ్‌స్కాని వెంట తెచ్చేదాన్ని కాదు. జూలియన్ వోస్‌ని చూసి, "ఈ బిడ్డకి రక్తం తక్కువ" అంది.

నువ్వు ఆట ముగియగానే వ్యాను ఎక్కి న్యూకాసిల్ వెళ్ళిపోయావు. అందుకే నీకు తెలియనిది ఒకటుంది. నాన్న వచ్చాడు. లోపలికి రాలేదు. నన్ను దింపి వెళ్ళిపోతానన్నవాడు, నేను బయటికొచ్చేసరికి పబ్బు వెనక బీరు పీపాల దగ్గర గోడకి రెండు అరచేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు. పోలీసులు సోదా చేస్తున్నారేమో అనుకున్నాను.

దారిలో కారు ఆపి అన్నాడు: "వాడు తొందరపడుతున్నాడు. మొదట్నించీ అంతే. కానీ జనాన్ని వదిలిపెట్టి పోవడం లేదు, వెంట లాక్కుపోతున్నాడు."

ఇంటికొచ్చాక రెండోసారి పుడ్డింగు అడిగాడు.

లోర్నా


మెల్‌బోర్న్,
1980 నవంబరు 16.

అక్కా,

గోడ సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అందుకని నాలుగు నెలలు ఆలస్యం. ఇదొక సాకు. రెండో సాకు: మమ్మల్ని రికార్డు కంపెనీ తీసుకుంది. మెల్‌బోర్న్‌లో స్టూడియోలో ఉన్నాం. ఇంగ్లండు నుంచి రూపర్ట్ అని ఒకాయన వచ్చి మా చేత పాటలు చేయిస్తున్నాడు. మెడకి సిల్కు గుడ్డ, కాళ్ళకి చెప్పుల్లేవు. ఏదన్నా నచ్చితే 'చల్లగా ఉంది' అంటాడు, నచ్చకపోతే 'వెచ్చగా ఉంది' అంటాడు. నేను కొట్టినవన్నీ వెచ్చగానే ఉన్నాయి.

బ్యాండులోకి కొత్తమనిషి వచ్చింది. పేరు మావిస్. మాటకి కట్టుబడి ఉంటుంది, తాగదు, ఎదురుచెప్పదు, పొద్దున్నించి సాయంత్రం దాకా అడిగినదే అడిగినా విసుక్కోదు. నెవిల్‌కి ఆమె అంటే ప్రాణం. రూపర్ట్ ఆమెను చూసినప్పుడల్లా చల్లగా ఉందంటాడు. నాకూ ఆమెకీ ఇంకా పొసగలేదు.

నాన్న ఆరోగ్యం రాయి.

లైల్


పోర్ట్ కెంబ్లా,
1980 డిసెంబరు 9.

ఒరే లైల్,

మావిస్ గురించి రాసిన నాలుగు ముక్కలు నేనూ మీ బావా రెండేసిసార్లు చదివాం. తాగని, ఎదురుచెప్పని, విసుక్కోని ఆడది నిన్ను చూసి మొహం తిప్పుకుంటే ఆమెకి బుద్ధి కూడా ఉందన్నమాట. నీకు పొసగలేదని రాశావంటే మనసు పడ్డావనే మేం లెక్కేసుకున్నాం. క్రిస్మస్ భోజనానికి తీసుకురా. రొయ్యలు, హ్యాము, పుడ్డింగు ఉంటాయి. నాన్న గడ్డం గీసుకుంటానన్నాడు. నెవిల్‌ని తేవద్దు, మా పిల్లలు భయపడతారు.

నాన్న బాగానే ఉన్నాడు. ఎడమచెవి పూర్తిగా పోయిందని డాక్టరన్నాడు. కుడిది కొంచెం ఉందట. అది కూడా ఎవరికోసం దాచుకున్నాడో తెలియదు, నేను మాట్లాడితే వినపడదు.

లోర్నా


సిడ్నీ,
1981 ఫిబ్రవరి 20.

అక్కా,

క్రిస్మస్‌కి రాలేకపోయినందుకు ఫోన్లో తిన్న తిట్లు చాలు. మళ్ళీ కాయితం మీద వద్దు.

దీంతోపాటు రికార్డు పంపుతున్నాను. పాట పేరు 'ఫ్లోరైడ్'. 'నోరు తెరువు, నోరు తెరువు' అని నెవిల్ పదహారుసార్లు అంటాడు. నవ్వకు, దేశమంతా అంటోంది. అమ్మకాల పట్టికలో పదకొండో స్థానంలో ఉంది, వచ్చేవారం పైకి వెళ్తుందట. ఆదివారం సాయంత్రం టీవీలో పాటల కార్యక్రమంలో మేం కనిపిస్తాం. వెనక ఎడంపక్క ఉండేది నేను. మార్చిలో లండన్ వెళ్తున్నాం.

తొందరలో ఉన్నాను.

లైల్

మావిస్ సంగతి అడగకు. ఆమె కూడా వస్తోంది.


పోర్ట్ కెంబ్లా,
1981 మార్చి 30.

లైల్,

ఈ ఉత్తరం లండన్ హోటలుకి చేరేసరికి నువ్వు లార్డ్ అయిపోయి ఉంటావు కాబట్టి 'ఒరే' లేకుండా గౌరవంగా మొదలుపెట్టాను.

ఊరంతా నువ్వే. కెంబ్లాలో పుట్టి పదకొండో స్థానానికి వెళ్ళినవాడు ఇంతకుముందు ఒక్కడే, వాడు ఈతగాడు. నిన్ను స్కూల్లో బెత్తంతో కొట్టిన మాస్టారు కూడా సెలూన్‌కి వచ్చి, ఆ దరువు తనవల్లే వచ్చిందన్నాడు. వచ్చే నవంబరులో మీరు మన పక్కనే వూలన్‌గాంగ్ టౌనుహాల్లో ఆడేటప్పుడు మేయరు నీకు షీల్డు ఇస్తాడట. పేరు చెక్కడానికి ఇచ్చేశారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రికార్డు నాన్న దగ్గరికి తీసుకెళ్ళి, గ్రామఫోను స్పీకరు బల్లమీద పెట్టాను. ఆయన రెండు చేతులూ దానిమీద ఆనించి, కళ్ళు మూసుకుని, పాటంతా 'విన్నాడు'. మళ్ళీ పెట్టమన్నాడు. మూడోసారి కూడా. అప్పుడు చేతులు తీసి, పంట్లానికి తుడుచుకుని, "ఇది మనవాడు కాదు" అన్నాడు.

మనవాడే, బొమ్మ కూడా ఉంది చూడు, అని అట్ట చూపించాను. అట్టమీద ఉన్నది మనవాడే, లోపల ఉన్నది మనవాడు కాదన్నాడు. వయసు మీదపడి ఏదో అంటున్నాడని డగ్ అన్నాడు. నేను నాన్నని కసిరాను కూడా. ఆ రోజునుంచి ఎవరన్నా మీ అబ్బాయి పాట అంటే నాన్న తలుపు వేసుకుంటున్నాడు. ఊళ్ళో ఆయనకి అసూయ అనుకుంటున్నారు.

తప్పు ఆయనదా? నువ్వు చెప్పు. వెటకారం లేకుండా చెప్పు, నీకు చేతనైతే.

లోర్నా


లండన్,
1981 మే 4.

అక్కా,

నాన్నది తప్పు కాదు. ఆ రికార్డులో నేను లేను.

మావిస్ మనిషి కాదు. రొట్టెల డబ్బా అంత పెట్టె. మీటలు నొక్కితే డ్రమ్ము చప్పుడు చేస్తుంది. చెప్పిన వేగంలో, చెప్పినంతసేపు, వెంట్రుకవాసి తేడా లేకుండా. పోయిన నవంబరులో 'ఫ్లోరైడ్' పాటకి నా చేత నలభై ఒక్కసార్లు కొట్టించారు. రూపర్ట్ ప్రతిసారీ వెచ్చగా ఉందన్నాడు. మర్నాడు నేను వెళ్ళేసరికి నా స్టూలు మీద ఆ పెట్టె ఉంది. నెవిల్ దానికి మావిస్ అని పేరు పెట్టాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది. ఆ పూట నేను పుల్లలు నేలకేసి కొట్టి వచ్చేసుంటే పోయేది. నవ్వాను కాబట్టి ఒప్పుకున్నట్టయింది.

టీవీలో చూశారు కదా, నా డ్రమ్ముల మీద రబ్బరు బిళ్ళలు అతికించారు, చప్పుడు రాకుండా. చేతులు ఊపడమే నా పని. స్టేజి మీద కొంత నేనూ కొడతాను, కానీ మావిస్ నా చెవిలో టిక్కుటిక్కుమంటూ ముందు నడుస్తుంది, నేను వెనక నడవాలి. గుడ్డివాడికి కర్ర పట్టించినట్టు. ఇంకా నన్నెందుకు ఉంచుకున్నారని నెవిల్‌నే అడిగాను. పెట్టె ఫొటోలో బాగుండదన్నాడు. పైగా వ్యాను నడపడం నాకొక్కడికే వచ్చు.

పాట ఇప్పుడు మూడో స్థానంలో ఉంది. వీధిలో ఒకమ్మాయి నన్ను గుర్తుపట్టి, ఆ దరువంటే తనకి పిచ్చి అంది. థాంక్స్ చెప్పాను. ఏం చెప్పమంటావు?

దేశమంతా వింది. పట్టుకున్నది ఒక్క చెవిటివాడు. ఆయనకి నువ్వే చెప్పు, నాకు ధైర్యం లేదు.

లైల్


పోర్ట్ కెంబ్లా,
1981 మే 25.

లైల్,

ముందు నా తిట్లు: పెట్టెని క్రిస్మస్ భోజనానికి పిలిపించావు. దానికోసం నేను కొత్త బల్లగుడ్డ కొన్నాను.

నాన్నకి చెప్పాను. వినపడదని కాయితం మీద రాసి చూపించాను. చదివి, కళ్ళజోడు తీసి, నువ్వు చనిపోయావన్న కబురు అబద్ధమని తెలిసినవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్నాళ్ళూ నీ చెయ్యి పాడయిందేమో, ఏదో జబ్బు చేసి దాస్తున్నావేమో అనుకున్నాడట. "వాడు బాగానే ఉన్నాడా అయితే" అన్నాడు. తర్వాత ఆ పెట్టె గురించి చాలా అడిగాడు. దానికి తొందర ఉందా అన్నాడు. లేదట అన్నాను. అలసట? లేదు. "మరి అది ఎవరికోసం కొడుతుంది?" అన్నాడు. దానికి జవాబు నీ దగ్గరుంటే రాయి.

మేయరు షీల్డు వచ్చేసింది. నీ పేరులో ఒక అక్షరం తప్పు చెక్కారు. ఈ పరిస్థితిలో అదే నయం.

లోర్నా


లండన్,
1981 అక్టోబరు 12.

అక్కా,

వచ్చే నెల పధ్నాలుగున టౌనుహాల్లో ఆడుతున్నాం. నెవిల్‌ని ఒక్కటే అడిగాను: మా ఊళ్ళో, ఆ ఒక్క సాయంత్రం, మావిస్ లేకుండా ఆడదామని. తన గొంతు ఇప్పుడు మావిస్‌కి అలవాటుపడిపోయిందన్నాడు. పైగా జనం రికార్డులో విన్నదాన్నే వినడానికి వస్తారు, నన్ను వినడానికి కాదన్నాడు. అందులో రెండోది నిజమే.

నాన్నని రానివ్వకు. ఏదన్నా సాకు చెప్పు.

లైల్


పోర్ట్ కెంబ్లా,
1981 నవంబరు 17.

ఒరే లైల్,

నువ్వు వెనక తలుపు తోసుకుని ఎటు పోయావో తెలియదు. సర్రీ హిల్స్ పాత చిరునామాకి రాస్తున్నాను. అందితే చదువు.

నాన్నని ఆపడం నావల్ల కాలేదు. మేయరే కారు పంపి ముందువరసలో కూర్చోబెట్టాడు. రెండు పాటలు బొమ్మల్లా ఆడారు. 'ఫ్లోరైడ్' మొదలైంది. నెవిల్ రెండోసారి నోరు తెరువు అంటుండగా నీ ఎడమచెయ్యి వెనక్కి పోవడం నేను చూశాను. మావిస్ తీగ పీకడం కూడా చూశాను. ఎవరన్నా అడిగితే కరెంటు లోపం అన్నాను. నమ్మలేదు.

నెవిల్ నోరు తెరిచే ఉంది, అందులోంచి ఏమీ రాలేదు. అచ్చం పళ్ళ డాక్టరు కుర్చీలో ఉన్నట్టే. గిటారువాడు రెండుసార్లు నిన్ను అందుకోబోయి వదిలేశాడు. నువ్వొక్కడివే కొడుతున్నావు. కొందరు లేచి గెంతారు. ఎక్కువమంది ఈలలు వేశారు. ఎవడో బీరు డబ్బా విసిరాడు. నిజం చెప్పనా? అది పాట కాలేదు. సరదాగా సాయంత్రం గడుపుదామని వచ్చిన జనానికి నీ కోపం వినిపించావు. నువ్వు చేసింది వీరత్వం అని నేను అనను, మా సెలూన్‌కి వచ్చే ఆడపిల్లలు ఇద్దరు ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళారు.

కానీ నాన్న లేచి వెళ్ళి స్టేజి అంచుమీద రెండు చేతులూ పెట్టాడు. చివరిదాకా తియ్యలేదు. నువ్వు తల వంచుకుని కొడుతున్నావు, చూడలేదు. పుల్లలు పారేసి పారిపోయినప్పుడు ఆయన నీకు రెండు గజాల దూరంలో ఉన్నాడు. నీ పేరు పెట్టి పిలిచాడు కూడా. ఇంట్లో చెవిటివాడు ఆయనొక్కడే అనుకున్నాను.

షీల్డు నాన్న చేతికిచ్చారు. ఆయన నాకిచ్చాడు. సెలూన్ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాను, బాగా పనికొస్తోంది.

ఎక్కడున్నావో రాయి.

అక్క


పెర్త్ దగ్గర,
1982 ఆగస్టు 8.

అక్కా,

దేశం పడమటి చివరికి వచ్చిపడ్డాను. తొమ్మిది నెలలు రాయలేదు. నీ ఉత్తరం అందింది. నాన్న పిలిచాడన్న వాక్యం దగ్గర ఆగిపోయి, అక్కణ్ణించి జవాబు రాయడం చేతకాలేదు.

నన్ను తీసేశారని పేపర్లో చూసే ఉంటావు. 'కళాపరమైన విభేదాలు' అని వేశారు. అది తీగ పీకడానికి మర్యాదపేరు. రెండో రికార్డు అట్టమీద నా చోట బట్టల ప్రకటనల్లో కనిపించే ఒక మోడల్‌ని నిలబెట్టారు. పుల్లలు తలకిందులుగా పట్టుకున్నాడు. ఆ రికార్డు ఎవరూ కొనలేదు. నెవిల్ ఇప్పుడు డాప్టోలో ఇళ్ళ స్థలాలు అమ్మిపెడుతున్నాడని విన్నాను. నోరు తెరిచే వృత్తే.

నేను ఇక్కడ రిటైరైనవాళ్ళ క్లబ్బులో సాయంత్రం నాలుగింటికి డ్యాన్సు బ్యాండులో కొడుతున్నాను. అకార్డియన్ వాయించేవాడికి డెబ్భై రెండేళ్ళు. మొదటివారం వాల్ట్జ్ డ్యాన్సు మధ్యలో ఓ ముసలమ్మ నా దగ్గరకొచ్చి, "నాయనా, నా తుంటి ఎముక కొత్తది, నీ వేగానికి అది తట్టుకోదు" అంది. అప్పట్నించి వాళ్ళ కాళ్ళు చూస్తూ కొడుతున్నాను. ఇక్కడెవరికీ నేనెవరో తెలియదు, అదొక్కటే హాయి.

ఇంటికి రాలేను. ఏ మొహం పెట్టుకుని రమ్మంటావు?

లైల్


పోర్ట్ కెంబ్లా,
1983 మార్చి 22.

ఒరే లైల్,

ఏ మొహమైనా ఫరవాలేదు, కాటుక మాత్రం కడుక్కుని రా. అని రాయబోయాను. కానీ నేను రమ్మనడం లేదు. జరిగింది రాస్తాను, అంతే.

నాన్న ప్రతి గురువారం సాయంత్రం గళ్ళ లంగా కట్టుకుని, డ్రమ్ము కారులో పెట్టుకుని సాధనకి వెళ్ళి రెండుగంటల్లో వస్తాడు కదా. పోయినవారం మిసెస్ పెట్కోవ్‌స్కా, మీ నాన్నగారు కొండమీద కారులో ఒక్కరే కూర్చుని సముద్రాన్ని చూస్తుంటారేమిటి, అదీ ఆ బట్టలతో, అని అడిగింది. ప్రతి గురువారం చూస్తోందట. నేను వెళ్ళి బ్యాండు పెద్ద డన్‌బార్‌ని నిలదీశాను. ఆయన టీ ఇచ్చి చెప్పాడు. నాన్నకి పైపులు వినపడటం లేదు, అరదెబ్బ వెనకబడుతున్నాడు, పోటీల్లో ఓడిపోతున్నారు. పోయిన జూలైలోనే ఇక రావద్దని మర్యాదగా చెప్పారట.

ఈ ఇంట్లో మగాళ్ళని బ్యాండుల్లోంచి ఎప్పుడూ మర్యాదగానే తీసేస్తారు.

ఎనిమిది నెలలుగా నాన్న మాకు తెలియకూడదని బట్టలు కట్టుకుని వెళ్ళి కారులో కూర్చుని వస్తున్నాడు. నాకు తెలిసిందని ఆయనకి చెప్పలేదు. చెబితే వెళ్ళడానికి ఆ కొండ కూడా ఉండదు.

ఏప్రిల్ పదిహేనున నేనూ మీ బావా పిల్లలూ ఫిజీ వెళ్తున్నాం. పెళ్ళయిన పన్నెండేళ్ళకి మొదటి సెలవు, మూడు వారాలు. ఆదివారం ఆయనకి భోజనం ఎవరు పెడతారో నాకు తెలియదు. మీరూ మీరూ చూసుకోండి.

లోర్నా


పోర్ట్ కెంబ్లా,
1983 మే 2.

అక్కా,

ఫిజీలో కొబ్బరినీళ్ళు తాగుతూ ఇది చదువుతున్నావనుకుంటాను. నీ పన్నాగం పారింది. పదహారున వచ్చాను. మొదటి ఆదివారం మాంసం మాడ్చాను. నాన్న తిన్నాడు.

గురువారం ఆయన బట్టలు కట్టుకుని కారు దగ్గరికి వచ్చేసరికి నేను పక్కసీట్లో కూర్చుని ఉన్నాను. దిగమనలేదు. కొండమీదికి వెళ్ళాం. ఇద్దరం అద్దంలోంచి ఓడల్ని చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆయన, "వాళ్ళు మర్యాదగానే చెప్పార్రా" అన్నాడు. నాకూ అంతే అన్నాను, ఆయన పెదాలు చూసేలా తిరిగి. అప్పుడు నవ్వాడు. కారు వెనకసీట్లోంచి డ్రమ్ము తీసి గడ్డిలో పెట్టాం. ఆయన తనకి పైపులు వినపడవు గానీ నా చేతులు కనపడతాయన్నాడు. పిల్లప్పుడు నేను ఆయన చేతులు చూసి కొట్టేవాణ్ణి. ఇప్పుడు అది తిరగబడింది.

మర్నాడు డన్‌బార్ దగ్గరికి వెళ్ళాను. ఫ్యాక్టరీలో పనిపోయి ఊరు వదిలిన వాళ్ళలో ముగ్గురు డ్రమ్మువాళ్ళున్నారట, మేడే ఊరేగింపుకి మనుషుల్లేరు. నేను వస్తాను, కానీ నా కుడిపక్క మా నాన్న నడుస్తాడన్నాను. ఆయన మీసం లాక్కుని, ఒక్కసారికి అన్నాడు.

నిన్న జరిగింది. నాకిచ్చిన గళ్ళ లంగా ఇద్దరు పట్టేది, మూడు పిన్నీసులతో నిలబెట్టాను. ముందు పైపులు. నేను పైపులు వింటూ, నాన్న నా చేతులు చూస్తూ. అక్కా, ఇంతవరకూ నేను ముందుకు పరుగెత్తితే జనం నా వెనక వచ్చేవాళ్ళు, రాకపోతే వాళ్ళ ఖర్మ. నిన్న నేను ఒక్క అడుగు ముందుపడితే తప్పిపోయేది నాన్న. మైలున్నర దూరం ఊపిరి బిగబట్టి నిదానంగా కొట్టాను. వెంట్‌వర్త్ వీధి మలుపులో ఎండ ఆయన కళ్ళల్లో పడింది. నా చేతులు కనపడక తడబడ్డాడు. మోచేతులు గాలిమరలా పైకెత్తి కొట్టడం మొదలుపెట్టాను. పేవ్‌మెంటు మీద జనం పగలబడి నవ్వారు, పిల్లలు నన్ను అనుకరిస్తూ వెంటపడ్డారు. రెండు పిన్నీసులు ఊడాయి. నాన్న మళ్ళీ అందుకున్నాడు. మూడో పిన్నీసు దేవుడి దయవల్ల నిలిచింది.

పార్కులో ఆగాక నాన్న పక్కకి తిరిగి, కుడిచెవి మావైపుగా, డ్రమ్ము పట్టీలు విప్పుకుంటున్నాడు. డన్‌బార్ నా దగ్గరకొచ్చి మెల్లగా, "ముసలాయన ఇవాళ బాగా కొట్టాడు. వచ్చే నెల పోటీకి ఇద్దరూ రండి" అన్నాడు. ఇంటికెళ్ళాక తీరిగ్గా చెప్పి సంతోషపెడదామని దారంతా దాచుకున్నాను.

వంటింట్లో మాంసం రొట్టెలు వడ్డించి, ఆయనకి ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా చెప్పబోయాను: "నాన్నా, డన్‌బార్ నాతో ఏమన్నాడో తెలుసా?"

పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

"వినపడింది" అన్నాడు.

తమ్ముడు,
లైల్